పిడికిలి మీద జన

ఎట్టి పరిస్థితిలోనూ ఏమిటి? వేడి చేయకూడదనా, చేత్తో ముట్టుకోకూడదనా, తింటూ మాట్లాడకూడదనా? ఇంగ్లీషు పత్రికలోంచి చించిన ఆ పేజీ సరిగ్గా అక్కడ ఆగిపోయింది. ‘వడ్డించేటప్పుడు ఎట్టి పరిస్థితిలోనూ’ అనే మాటల దగ్గర కత్తెర పడింది. వెనకవైపున్న స్వెట్టరు అల్లిక బొమ్మ కోసం ఎవరో అటునుంచి కత్తిరించుకున్నారు. స్వెట్టరు! పోర్ట్ బ్లెయిర్‌లో! చెమటకూ వానకూ తప్ప మూడోదానికి చోటులేని ఈ ఊళ్ళో ఆ స్వెట్టరు ఎవరికి కావలసివచ్చిందో గాని, వాళ్ళ మూలాన ఇప్పుడు ఒక చేప గుడ్ల డబ్బా భవిష్యత్తు తేలకుండా పోయింది.

భారతీదేవి ఎర్ర ఇంకు కలం మూత తీసి మళ్ళీ పెట్టింది. బల్లమీద ఆరో తరగతి డిక్టేషన్ పుస్తకాలు దొంతరగా ఉన్నాయి. వెనక వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమంటోంది. ఆ ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన ఒక చిన్న నీలం డబ్బా ఉంది. దాని చుట్టూ ఎర్ర రబ్బరు పట్టీ, మూతమీద పొడుగు ముక్కు చేప బొమ్మ, అద్దంలో చూసినట్టు తిరగబడిన అక్షరాలు.

డబ్బా నిన్న సాయంత్రం వచ్చింది. ఆమె భర్త శేషయ్య పనిచేసే ఆఫీసుకు పెద్దాయన వెంకటసుబ్బయ్య గారు ట్రైనింగు కోసం రష్యా వెళ్ళి ఆరు వారాలుండి వచ్చారు. ఒంటరి మనిషి, గెస్ట్ హౌస్‌లో మకాం. “దీన్ని కేవియార్ అంటారు. ఆదివారం మధ్యాహ్నం మీ ఇంట్లోనే తిందాం శేషయ్యా. మీ ఆవిడ చేతి చేపల పులుసు తిన్నాక నాకింకొకరి మీద నమ్మకం లేదు” అని డబ్బా శేషయ్య చేతిలో పెట్టారు.

ఆ పులుసు ఎరుకమ్మ చేతిది. ఎరుకమ్మ వాళ్ళింట్లో వంట చేస్తుంది. ఆ రోజు “మీరే చేశారా అమ్మా?” అని ఆయన అడిగినప్పుడు భారతీదేవి నవ్వి ఊరుకుంది. అవునని అనలేదు కాబట్టి అబద్ధమాడినట్టు కాదని ఆ తర్వాత చాలాసార్లు తనకు తాను చెప్పుకుంది. అన్నిసార్లు చెప్పుకోవలసి వచ్చిందంటే ఏమిటో కూడా ఆమెకు తెలుసు.

మొదటి పుస్తకం తెరిచింది. ‘ఊరి జనము సముద్రపు ఒడ్డుకు చేరిరి’ అని చెప్పింది క్లాసులో. ఒక పిల్ల లైను చివర చోటు చాలక ‘జన’ అని రాసి, ‘ము’ను కింది లైనులోకి దించింది.

కలం ఆ లైను చివర ఆగిపోయింది.

జన. భీమిలి ఒడ్డున ఆమె తల్లి గురమ్మ చేప కడుపు చీల్చి, లోపల వేలితో తడిమి, పసుపుపచ్చటి రెండు గుడ్ల సంచుల్ని చిట్లకుండా బయటికి తీస్తూ అనే మాట. ‘జనుందే చిన్నమ్మీ! ఇది అమ్మను. ఇయ్యాల మనకే.’ ఆ చిన్నమ్మి బడి రిజిస్టరులో భారతీదేవి అయింది. ఈ ఊళ్ళో ఆ మొదటి పేరు తెలిసినవాడు శేషయ్య ఒక్కడే. అతనూ ఆ పేరుతో పిలవడు. తప్పనిసరై మాట్లాడవలసి వస్తే భారతీదేవి ‘చేప గుడ్లు’ అంటుంది. చేపలకు కోడితో చుట్టరికం ఉన్నట్టు.

ఈ దీవుల్లో పుట్టి పెరిగినవాళ్ళు ఒకరినొకరు వంశాలడగరు. అడిగేది బదిలీ మీద కొత్తగా దిగినవాళ్ళు. పక్క క్వార్టరు కమలాకుమారి, శేషయ్యకు పైన ఉన్న ఇంజనీరు పున్నయ్య గారి భార్య, వచ్చిన మొదటివారమే అడిగింది: “మీదే వూరు? అక్కడ ఎవరి తాలూకు?” “విశాఖపట్నం వైపండి. మా నాన్నగారు హార్బరులో...” అని భారతీదేవి వాక్యాన్ని పూర్తి చేయలేదు. హార్బరులో ఆయనకు ఉన్నది ఒక తెప్ప. పూర్తి చేయని వాక్యం ఎదుటివాళ్ళు తమకు నచ్చినట్టు పూర్తి చేసుకుంటారు. ఆ పేజీలాగే.

అతిథి తమ ఇంటికి కాక శేషయ్య ఇంటికి వస్తున్నాడని తెలిసి కమలాకుమారి మనసు నొచ్చుకుంది. నొచ్చుకున్న మనసుతో ఊరుకోక ఏర్పాట్లన్నీ తన చేతిలోకి తీసుకుంది. పేజీ ఆమే తెచ్చింది. తెగిపోయిన వాక్యాన్నీ ఆమే పూర్తి చేసింది: “ఎట్టి పరిస్థితిలోనూ పనివాళ్ళ చేత వడ్డించకూడదు. అదే అయ్యుంటుంది. ముందు మామూలు చేప గుడ్లతో ఒకసారి రిహార్సల్ వేయించండి.”

పేజీ మడిచి డిక్టేషన్ పుస్తకంలో పెట్టి, భారతీదేవి ఆ పిల్ల రాసిన లైను కింద టిక్కు పెట్టింది. మాట విరిచినందుకు మార్కు తగ్గించాలి. తగ్గించలేదు.

శుక్రవారం బడి విడిచి ఇంటికొచ్చేసరికి ఎరుకమ్మ వంటింటి గచ్చుమీద కూర్చుని అరిటాకు పొట్లం విప్పుతోంది. యాభైకి దగ్గర పడిన మనిషి. ఆస్టినాబాద్ నుంచి బస్సులో వచ్చి డెలానీపూర్‌లో మూడిళ్ళలో పని చేస్తుంది: ఈ ఇల్లు, కమలాకుమారి గారిల్లు, చివర డాక్టరు గారిల్లు. భర్త గవరయ్య మాయాబందర్ జెట్టీలో కూలి. రెండు నెలలకోసారి ఓడ దిగుతాడు, తెచ్చినదానికంటే ఎక్కువ తిని మళ్ళీ ఓడెక్కుతాడని ఆమె నవ్వుతూ చెబుతుంది.

“దీదీ, సుర్మయి జన దొరికీసింది. మనోలు కోనెం అంటారే, అదే. జంగ్లీఘాట్‌లో ఆ మచ్లీవాలా ముందయితే ముఫత్‌గా ఇచ్చీవోడు. ఇప్పుడేమో బెంగాలీ దీదీలు నాకన్నా ముందే లైను కట్టేస్తన్నారు.”

“ఇంత పెద్దవా!” అంది భారతీదేవి కుర్చీ లాక్కుని గుమ్మం దగ్గర కూర్చుంటూ. చూడటానికి మాత్రమే అన్నట్టు.

ఎరుకమ్మ పింగాణీ గిన్నెలో చల్లటి నీళ్ళు పోసి గుప్పెడు ఉప్పు కలిపింది. రెండు సంచుల్నీ అందులోకి జార్చింది. రక్తనాళాల్ని చిటికెన వేలి గోటితో ఒక్కొక్కటే నొక్కి నెత్తురు వెళ్ళగొట్టింది. నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి. పారబోసి మళ్ళీ పోసింది. తర్వాత ఒక సంచిని ఎడమచేతిలోకి తీసుకుని కత్తిపీట మొన వైపు తిప్పింది.

“అడ్డంగా కాదు, నిలువునా” అంది భారతీదేవి.

అన్నాక తెలిసింది, అన్నదని.

ఎరుకమ్మ చెయ్యి కనురెప్ప పాటు ఆగింది. తల ఎత్తలేదు. “ఔను దీదీ, నిలువునే” అని నిలువునా కోసి, పొరను రెండు చేతులా తెరిచి, వెడల్పు కన్నుల వెదురు జల్లెడ మీద బోర్లించింది. అరచేత్తో రుద్దలేదు. వేళ్ళ చివర్లతో, పడుకున్న పిల్ల వీపు నిమిరినట్టు అటూ ఇటూ నడిపింది. గుడ్లు పొరను వదిలి జల్లెడ కింద గిన్నెలోకి రాలాయి. చేతిలో మిగిలిన ఉత్త పొరను ఆమె గచ్చు అంచుకు అంటించింది. మూడుసార్లు కడిగింది. ప్రతిసారీ తెల్లటి తుక్కు పైకి తేలింది, ఆమె గిన్నె వంచి తుక్కుని మాత్రమే పోనిచ్చింది. చివరికి పాత మల్లుగుడ్డలో వడేసి, ఉప్పు చిటికెలు చిటికెలుగా చల్లుతూ వేళ్ళతో కలిపింది. ఉప్పు పట్టేకొద్దీ గుడ్లు గట్టిపడి తడి ఇసుకలాగ చిన్నగా చప్పుడు చేశాయి.

ఆ చప్పుడు భారతీదేవి చెవిలో పడలేదు. పళ్ళ మధ్య పడింది.

ఎరుకమ్మ ఎడమచేతిని పిడికిలి బిగించి, బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ ఉబ్బిన చోట, చేతి వెనక పక్కన, చిటికెడు జన పెట్టుకుంది. అరచేతికి నీచూ ఉప్పూ పట్టి ఉంటాయి. ఏ పనిలోనూ మురికి కానిది ఆ ఒక్క చోటే. కళ్ళు మూసుకుని నాలుకతో అందుకుంది. వెంటనే లేచి, పంపు కింద ఆ చెయ్యి రెండుసార్లు కడిగి కొంగుకు తుడుచుకుంది.

వెనక గుమ్మంలోంచి కమలాకుమారి చూసింది నాకడం వరకే. ఆ తర్వాతిది చూడకుండా అసహ్యంతో కళ్ళు మూసుకుంది.

“ఛీ ఛీ! ఏమిటా పని?”

“ఉప్పు సూస్తన్నానమ్మగోరూ.”

“నాకి చూస్తావా? ఆ చేతులతోనేనా ఇన్నాళ్ళూ మాకు వండి పెట్టింది?”

“గిన్నెలో ఎంగిలి ఏలెట్టలేదమ్మా. సెయ్యెనకమాల ఏసుకున్నాను. కడిగీసుకున్నాను గూడా. దీదీ సూసింది. అడగండి.”

ఇద్దరూ భారతీదేవి వైపు చూశారు.

ఆమె చూసింది. కడగడమూ చూసింది, కడగక ముందు ఎరుకమ్మ నాలుక అంగిలికి తగిలిన చప్పుడూ విన్నది. తన నోట్లో నీళ్ళూరాయి. ‘అది అలాగే చూడాలండీ’ అని ఒక్క మాట అంటే చాలు. కాని ఆ మాట వెనకే మరో ప్రశ్న వస్తుంది. ‘మీకెలా తెలుసు?’ ఆ ప్రశ్న వెనక తెప్ప, తెప్ప వెనక గంప, గంప వెనక గురమ్మ. ఇరవై ఏళ్ళుగా ఒక్కొక్క అక్షరం దిద్దుకుంటూ కట్టుకున్న భాష మొత్తం ఆ వరసలో చివర నిలబడి ఉంది.

“ఎరుకమ్మా, ఆదివారం నువ్వు రానక్కర్లేదులే” అంది.

తన గొంతు అంత మామూలుగా ఎలా ఉందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

“ఆదివారం ఒక్కటేనా?” అంది కమలాకుమారి. “సోమవారం నుంచి మా ఇంటికీ వద్దు. డాక్టరు గారింట్లో కూడా నేను చెప్తాను. మీ ఇష్టం మీది భారతీ, కానీ నేను అడుగుపెట్టే ఇంట్లో ఈ మనిషి ఉంటే మాత్రం...” ఆ వాక్యాన్నీ పూర్తి చేయలేదు. “ముందు ఆ గిన్నెలోది పారబొయ్యి!”

ఎరుకమ్మ పారబోయలేదు. జనను అరిటాకులో మూటగట్టి సంచిలో పెట్టుకుంది. కత్తిపీట కడిగి గోడకు ఆనించింది. గుమ్మం దిగుతూ భారతీదేవితో మాత్రమే మాట్లాడింది.

“ఆ రష్యావోడి జనలో ఉప్పు ముందే ఉంటాది దీదీ. అట్టులో మల్లీ ఉప్పు ఏసీకండి. పలసగా బియ్యం అట్టు, సిక్కటి కొబ్బరిపాలు, అంతే సాలు. ఉల్లిపాయ దగ్గరికి రానీకండి, జన సచ్చిపోతాది.”

ఆ సాయంత్రం శేషయ్య సంగతంతా విని చాలాసేపు రేడియో ముల్లు తిప్పాడు. ఏ స్టేషనూ రాలేదు.

“నువ్వు చెప్పాల్సింది” అన్నాడు చివరికి.

“ఏమని?”

“ఏమో. నీకు తెలిసిందే కదా అది. మీ అమ్మగారు కూడా...” అతను ఆగిపోయాడు. ఈ ఇంట్లో ఎవరూ వాక్యం పూర్తి చేయరనుకుంది భారతీదేవి. తెలుగు టీచరు ఇల్లు.

ఆదివారం పన్నెండింటికి బల్ల సిద్ధమైంది. ఐస్ ఫ్యాక్టరీ నుంచి శేషయ్య తెచ్చిన మంచు దిమ్మను ముక్కలు కొట్టి వెడల్పు పళ్ళెంలో పరిచారు. చుట్టూ కమలాకుమారి తెచ్చిన సరంజామా: ఉప్పు బిస్కెట్లు, తరిగిన ఉల్లిపాయలు, నిమ్మచెక్కలు, మిరియాల పొడి, టమాటా సాసు సీసా, తన పెళ్ళినాటి వెండి చెంచాలు ఆరు. చెంచాలు బాగా మెరుస్తున్నాయి. భారతీదేవి వాటిలో ఒకదాన్ని తీసి చూసుకుంది. అందులో తన ముఖం తలకిందులుగా కనిపించింది.

వెంకటసుబ్బయ్య గారు పిల్లాడిలా హుషారుగా వచ్చారు. రబ్బరు పట్టీ తానే లాగారు. మూత తీయగానే చిన్న నిట్టూర్పు వినిపించింది. లోపల నల్లగా, బూడిదరంగు మెరుపుతో, పూసలు పూసలుగా. అందరూ ఒక్కసారి వంగి చూశారు.

“తీసుకోండి, తీసుకోండి” అంటూ ఆయన వెండి చెంచాతో బిస్కెట్టు మీద వేసుకుని, కమలాకుమారి అందించిన ఉల్లిపాయ ముక్కలు చల్లుకుని నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. ఆయన ముఖంలోని పిల్లాడు నెమ్మదిగా బయటికి వెళ్ళిపోయాడు.

“అక్కడ ఇలా లేదే” అన్నారు.

“ప్రయాణంలో పాడయిందేమో సార్” అంది కమలాకుమారి.

“చాలా... గట్టి రుచి సార్” అన్నారు పున్నయ్య గారు. “రెండోసారికి అలవాటవుతుందేమో.”

“తుప్పు నాకినట్టు లేదూ?” అన్నారు వెంకటసుబ్బయ్య గారు దిగులుగా. డబ్బా వైపు చూశారు. అంత దూరం నుంచి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చినట్టు తెచ్చిన డబ్బా. శేషయ్య నిమ్మచెక్కని పిండుతూ తల దించుకున్నాడు.

మంచినీళ్ళ మిషతో భారతీదేవి వంటింట్లోకి వెళ్ళింది. వెనక గుమ్మం మెట్టుమీద ఎరుకమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో పిండి గిన్నె, పక్కన రెండు కొబ్బరికాయలు.

“రావద్దన్నాను కదా.”

“నాను రాలేదు దీదీ. పిండొచ్చింది. నిన్న రాతిరి రుబ్బీసినాను, ఇంట్లో ఎవుళ్ళు తింటారు? ఇచ్చీసి బస్సెక్కీస్తాను.” తలుపు సందులోంచి బల్ల వైపు చూపు సారించింది. “వెండి ముట్టించారేటి? అయ్యో! జనకి లోహం తగిల్తే కంపొచ్చేత్తాది. మాయమ్మయితే ఇత్తడి గిన్నెలో గూడా ఎయ్యనిచ్చీది కాదు.”

ఎట్టి పరిస్థితిలోనూ. భారతీదేవికి నవ్వొచ్చింది. నవ్వు వచ్చిన చోటనే ఇంకేదో కూడా కదిలింది. గురమ్మ ఇత్తడి గిన్నెని కాలితో దూరంగా నెట్టేది. ఎందుకని చిన్నమ్మి ఎప్పుడూ అడగలేదు.

ఆమె స్టవ్ వెలిగించింది. “లోపలికి రా. పెనం పెట్టు.”

“ఆ అమ్మగోరు...”

“రమ్మన్నానా?”

కొబ్బరికాయ భారతీదేవే కొట్టింది. కోరింది, పిండింది, మొదటి పాలు మాత్రమే పింగాణీ గిన్నెలోకి తీసింది. ఎరుకమ్మ పెనం మీద పిండిని తిప్పి పోస్తుంటే అట్టు కాగితంలా పల్చగా, అంచులు లేచి వచ్చింది. ఉప్పు లేని అట్టు. కొబ్బరిచిప్ప విరిచి, ఒక పెంకును గచ్చుమీద అరగదీసి చిన్న చెంచాలాగ చేసింది ఎరుకమ్మ. ఎవరు ఎటు జరగాలో వాళ్ళ మోచేతులకు తెలిసినట్టుంది.

భారతీదేవి పళ్ళెం తీసుకెళ్ళి బల్లమీద పెట్టి, ఉల్లిపాయల గిన్నె పక్కకు జరిపింది. వెండి చెంచాలు ఏరి కమలాకుమారి ముందు పెట్టింది. అట్టు మీద చిక్కటి కొబ్బరిపాలు, దానిమీద డబ్బా లోపలి నుంచి, వెండి తగలని చోట నుంచి, చిప్ప చెంచాతో తీసిన నల్లపూసలు.

వెంకటసుబ్బయ్య గారు కొరికి కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు.

“ఇదీ” అన్నారు. “ఇదేనమ్మా. అక్కడా ఇంతే, వెండి దగ్గరికి రానివ్వరు. బుద్ధిలేక నేనే మర్చిపోయాను. పులుసులో చూపించిన చెయ్యే మళ్ళీ చూపించారు మీరు.”

నవ్వి ఊరుకోవచ్చు. ఒకసారి ఊరుకుంది కూడా.

“ఈ చెయ్యి నాది కాదండి. ఎరుకమ్మది. పులుసు కూడా ఆవిడదే. ఆ రోజు చెప్పలేదు నేను.”

ఎరుకమ్మ వేడి అట్టుతో గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి రావాలో వద్దో ఆమె కాళ్ళకు తెలియలేదు.

“బాగుంది” అంది కమలాకుమారి. ఆమె ముందున్న ఆరు చెంచాలూ ఎండకు మెరుస్తున్నాయి. “అయితే సార్‌కు మిగతాదీ చెప్పండి భారతీ. ఆవిడ రుచి ఎలా చూస్తుందో. చెయ్యి వెనక వేసుకుని నాకుతుంది సార్! నా కళ్ళతో చూశాను. అవన్నీ చేపలవాళ్ళ అలవాట్లు. మనకెలా తెలుస్తాయి!”

మంచుముక్క ఒకటి కరిగి పళ్ళెంలో జారింది. ఎరుకమ్మ చూపు నేలమీద ఉంది. తను పనిచేసే మూడిళ్ళూ ఆ నేలమీద ఉన్నాయి.

నోట్లో నీళ్ళూరుతున్నాయి. భారతీదేవికి ఈసారి వాటిని మింగాలనిపించలేదు. ఆమె కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చుంది. డబ్బాను ముందుకు జరిపింది. ఎడమచెయ్యి చీర కుచ్చెళ్ళకు తుడుచుకుని, పిడికిలి బిగించి, బొటనవేలి పక్క పైకి వచ్చేలా బల్లమీద పెట్టింది. పదేళ్ళ వయసప్పటి పిడికిలి. ఏమీ మర్చిపోలేదది.

“ఇలా రా అప్పా” అంది గుమ్మం వైపు చూస్తూ. డిక్టేషన్ చెప్పే గొంతు కాదది, భీమిలి ఒడ్డున అక్కల్ని పిలిచే గొంతు. శేషయ్య చప్పున తల ఎత్తాడు. “నా సేతిమీద కూసింత ఎయ్యి. ఉప్పెలాగుందో నానూ సూస్తాను. మాయమ్మకాడ నేర్సుకున్నదే గదా.”

ఎరుకమ్మ అట్టు పళ్ళెం బల్లమీద పెట్టింది. ఆశ్చర్యపోలేదు. నిలువునా కోయమన్న రోజునుంచీ ఎదురుచూస్తున్నట్టు చిప్ప చెంచాతో నల్లటి జన తీసి, ఆ పిడికిలి వెనక, సరిగ్గా ఆ చోటనే పెట్టింది. బల్లకు అటువైపు వెంకటసుబ్బయ్య గారు తన చొక్కా చెయ్యి గుండీ విప్పుకుని పిడికిలి బిగిస్తున్నారు.

భారతీదేవి అటు చూడలేదు. కళ్ళు మూసుకుని, వంగి, నాలుకతో అందుకుంది.